వాళ్లు చెప్తేనే మనకు తెలిసేది

(టీనేజి పిల్లలున్న తల్లిదండ్రుల సమావేశంలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పిల్లలు కూడా వచ్చారు, ముందు వరసలోనే కూర్చున్నారు, చాలా సంతోషం. ఇవాళ నేను మాట్లాడేదంతా మీ గురించే. మీరు లేనిచోట మీ గురించి మాట్లాడ్డం నాకు ఇష్టం ఉండదు. అందుకని మీరు వింటూ ఉండండి, నేను తప్పు చెప్తున్నాననిపిస్తే చివర్లో అడగండి.

పెద్దవాళ్లని ఒకటి అడుగుతాను. నిన్న సాయంత్రం మీ అమ్మాయితోనో అబ్బాయితోనో ఏం మాట్లాడారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తొందరేం లేదు, ఆలోచించండి. "వచ్చావా? తిన్నావా? పరీక్ష ఎలా రాశావు? రేపటికి హోంవర్క్ లేదా? ఇంకా ఆ ఫోన్ పక్కన పెట్టలేదా? ఇంకా పడుకోలేదా?" ఇవేనా? ఇవే కదా. మరి అటునుంచి ఏం వచ్చింది? "ఊ." "ఏమో." "ఏం లేదు." చాలామంది తలలూపుతున్నారు. అంటే మీ ఒక్క ఇంట్లోనే కాదు, అన్నిచోట్లా ఇదే నడుస్తోంది.

నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మొదట చెప్పేది మార్కుల సంగతి కాదు. "మాకేం చెప్పడం లేదండీ" అంటారు. "చిన్నప్పుడు బడి నుంచి వస్తూనే మొదలుపెట్టేది. ఎవరు ఎవరితో పోట్లాడారు, టీచర్ ఎవర్ని మెచ్చుకుంది, అంతా చెప్పేదాకా బ్యాగు కూడా కింద పెట్టేది కాదు. ఇప్పుడు వస్తూనే తలుపేసుకుంటోంది." ఆ మాట అనేటప్పుడు ఆ తల్లి గొంతులో కోపం కన్నా బెంగే ఎక్కువ వినిపిస్తుంది. ఆ బెంగ గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాను.

ముందుగా ఒక పరిశోధన చెప్తాను. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 14 ఏళ్ల పిల్లల్ని 703 మందిని, వాళ్ల తల్లిదండ్రుల్ని ప్రశ్నించి 2000లో దాన్ని ప్రచురించారు. అప్పటిదాకా అందరూ ఏమనుకునేవారంటే, పిల్లల మీద కన్నేసి ఉంచే తల్లిదండ్రుల పిల్లలు దారి తప్పరు అని. మనం కూడా అలాగే అనుకుంటాం కదా? ఒక కన్నేసి ఉంచాలి అంటాం. వీళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి అడిగారు. సరే, తల్లిదండ్రులకి పిల్లల గురించి తెలుసు. ఆ తెలిసింది ఎలా తెలిసింది? ఆరా తీస్తే తెలిసిందా? ఎక్కడికి వెళ్లాలన్నా అనుమతి తీసుకోవాలనే కట్టడి వల్ల తెలిసిందా? లేకపోతే పిల్లలే వచ్చి చెప్పారా?

పిల్లలే చెప్పారు. మిగతా రెండు దార్ల కన్నా ఇదే చాలా పెద్ద దారి. మళ్లీ చెప్తాను, ఇది ముఖ్యం. మన పిల్లల గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం మనం కనిపెట్టింది కాదు, వాళ్లు ఇష్టపడి చెప్పింది. వాళ్లు చెప్పడం మానేస్తే మనం ఎంత ఆరా తీసినా ఆ లోటు పూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. దాచుకోవాల్సిన పనులు చేయని పిల్లలు సహజంగానే ఎక్కువ చెప్తారు. కాబట్టి "చెప్పడం వల్లే పిల్లలు బాగుంటారు" అని దీన్నిబట్టి తేల్చెయ్యలేం. కట్టుబాట్లు అక్కర్లేదని కూడా దీనర్థం కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను. కానీ ఒకటి మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మన శ్రమంతా అడగడం మీద పెడుతున్నాం. పెట్టాల్సింది, వాళ్లు చెప్పినప్పుడు మనం ఎలా ఉంటున్నామన్నదాని మీద.

గొంతు అదే, వినే చెవి మారింది

అసలు ఎందుకు తగ్గిస్తారు మాటలు? అమ్మ మీద ప్రేమ తగ్గిపోయిందా? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ ఏబ్రమ్స్, ఆయన సహచరులు పిల్లలకి చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తూ మెదడు స్కానింగ్ తీశారు. ఏ భాషలోనూ అర్థం లేని మాటలు, ఒక్కొక్కటీ సెకను కన్నా తక్కువ. కొన్ని అమ్మ గొంతుతో, కొన్ని ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ల గొంతుతో. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో అమ్మ గొంతు వినగానే మెదడులో సంతోషానికి, శ్రద్ధకి సంబంధించిన భాగాలు ఎక్కువగా స్పందించాయి. తర్వాత 2022లో అదే బృందం టీనేజి పిల్లల ఫలితాలు ప్రచురించింది. సుమారు పదమూడేళ్ల దగ్గర ఆ మొగ్గు తిరగబడింది. ఆ భాగాలే ఇప్పుడు కొత్త గొంతులకి ఎక్కువ స్పందిస్తున్నాయి.

ఇక్కడున్న అమ్మలందరికీ చెప్తున్నా, దీన్ని మనసుకి కష్టంగా తీసుకోకండి. మీ గొంతు వాళ్లకి వినిపించడం మానలేదు, దాన్ని వాళ్లు గుర్తుపడుతూనే ఉన్నారు. కాకపోతే ఇంకో పదేళ్లలో వాళ్లు బయటి మనుషుల మధ్య బతకాలి. స్నేహితుల్ని ఎంచుకోవాలి, పనిచేసేచోట నెగ్గుకురావాలి, తమ కుటుంబం తాము కట్టుకోవాలి. బయటి గొంతుల్ని వినడం నేర్చుకోకపోతే అదంతా ఎలా? మీరు మూడుసార్లు పిలిస్తే పలకని పిల్ల, స్నేహితురాలి ఫోన్ ఒక్కసారి మోగితే లేచి కూర్చుంటుంది. మీకు అది పొగరులా కనిపిస్తుంది. నాకు అది ఎదుగుదలలా కనిపిస్తుంది.

మెదడు గురించి ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. అమెరికాలోనే జే గీడ్ అనే వైద్యుడు, ఆయన బృందం ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తూ వచ్చారు. 1999లో ప్రచురించారు. ముందుచూపు, నిగ్రహం, ఇలా చేస్తే ఏమవుతుందనే లెక్క, ఇవన్నీ చూసుకునే ముందు భాగం టీనేజిలో ఇంకా మార్పులు చెందుతూనే ఉంటుందని తేలింది. అది పూర్తిగా కుదురుకునేసరికి ఇరవైలు సగం దాటిపోతాయని ఆ తర్వాతి పరిశోధనలు చాలా చెప్తున్నాయి. అలాగని వీళ్లకి ఆలోచన లేదనుకోకండి. తెలివికేం తక్కువ లేదు. పదహారేళ్ల పిల్లాణ్ణి ప్రశాంతంగా కూర్చోబెట్టి అడిగితే ఏది ప్రమాదమో మనంత బాగానూ చెప్తాడు.

మరి తేడా ఎక్కడ వస్తుంది? 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట. పసుపు లైటు పడ్డాక ఎంత దూరం వెళ్తే అన్ని పాయింట్లు, ఎర్ర లైటు పడేలోగా ఆగకపోతే పోయినట్టే. ఒంటరిగా ఆడినప్పటి కన్నా, స్నేహితులు పక్కనుండి చూస్తున్నప్పుడు టీనేజి పిల్లలు ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ మార్పు దాదాపు లేదు. ఒక్కసారి ఆలోచించండి. మనం వాడికి బుద్ధులు చెప్పేది ఎక్కడ? ఇంట్లో, మన ఎదురుగా, ఒంటరిగా ఉన్నప్పుడు. వాడు తలూపుతాడు, నిజంగానే ఒప్పుకుంటాడు. ఆ బుద్ధి అవసరపడేది ఎక్కడ? రాత్రిపూట, నలుగురు స్నేహితుల మధ్య, ఎవడో "ఏంట్రా భయమా" అన్నప్పుడు. అక్కడ మీరుండరు.

అందుకని ముందే ఒక ఒప్పందం చేసుకోమంటాను. "ఎప్పుడైనా, ఎక్కడైనా, నీకు ఇబ్బందనిపిస్తే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే వచ్చి తీసుకెళ్తాను. దారిలో ఒక్క ప్రశ్న కూడా అడగను. మాట్లాడాల్సింది మర్నాడు మాట్లాడదాం." ఇది చెప్పడం తేలిక, నిలబెట్టుకోవడం కష్టం. వాడు నిజంగా ఫోన్ చేసిన రాత్రి కారెక్కగానే మీ నోట్లోంచి "నేను ముందే చెప్పానా లేదా" అని వచ్చిందనుకోండి, ఆ ఒప్పందం అక్కడితో సరి. ఇంకోసారి ఫోన్ రాదు. తాగి బండి నడిపేవాడి వెనక కూర్చుని వస్తాడు గానీ మీకు ఫోన్ చెయ్యడు. ఇంకోటి, వాళ్లకి తప్పించుకోవడానికి ఒక సాకు కావాలి. ఆ సాకు మీరే అవ్వండి. "మా నాన్న చాలా కఠినం, నన్ను చంపేస్తాడు" అని స్నేహితులతో చెప్పుకోమనండి. నాన్నలూ, ఆ చెడ్డపేరు మీరు ధైర్యంగా మోయండి. మీ పిల్లాడికి పరువు పోకుండా ఇల్లు చేరే దారి అది.

నోరు ఎక్కడ మూతపడుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పిల్లలు నా దగ్గర కూర్చున్నప్పుడు అడుగుతుంటాను, "మీ అమ్మకి ఎందుకు చెప్పలేదు?" అని. "అమ్మంటే ఇష్టం లేదు" అన్న పిల్లలు చాలా చాలా అరుదు. వాళ్లు చెప్పే కారణాలు వేరు. కొంచెం ఓపికగా వినండి, ఒక్కొక్కటిగా చెప్తాను.

అన్నిటికన్నా ఎక్కువ వినేది ఇది: "చెప్తే అందరికీ చెప్పేస్తుంది." పద్నాలుగేళ్ల పిల్ల, క్లాసులో తన స్నేహితురాలు తనని వదిలేసి ఇంకొకళ్లతో తిరుగుతోందని చెప్పింది. ఏడ్చింది కూడా. అమ్మ ఓదార్చింది, బాగానే ఓదార్చింది. మర్నాడు పిన్ని ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది. వారం తర్వాత పిన్ని ఇంటికొచ్చి, "ఏమే, నీ ఫ్రెండు మళ్లీ మాట్లాడుతోందా?" అని ప్రేమగానే అడిగింది. అమ్మ దృష్టిలో ఇది అసలు విషయమే కాదు. సొంత చెల్లెలికేగా చెప్పింది! కానీ ఆ పిల్లకి? తను ఎంతో కష్టపడి, ఎంతో సిగ్గుపడి చెప్పుకున్నది ఇంట్లో అందరికీ కబురైపోయింది. ఆ తర్వాత ఆ పిల్ల అమ్మకి ఏం చెప్పాలన్నా ముందు మనసులో "ఇది పిన్నికి తెలిసినా పర్వాలేదా?" అని చూసుకుంటుంది. పర్వాలేదనుకున్నవి మాత్రమే చెప్తుంది. అంటే పరీక్షల తేదీలు, ఫీజు కట్టాల్సిన తేదీలు. మీకు అవే కదా వినిపిస్తున్నాయి?

ఇదేం పెద్ద మార్పు కాదు చేసుకోవడానికి. "ఇది నాన్నకి చెప్పనా, మన ఇద్దరి మధ్యే ఉంచనా?" అని అడగండి. అడిగి, వాళ్లన్నది పాటించండి. ప్రాణానికో ఒంటికో ప్రమాదమున్న విషయమైతే మాత్రం దాచనని ముందే చెప్పి ఉంచండి. అది కూడా వాళ్లకి అర్థమవుతుంది.

రెండోది, చెప్పినదాన్ని దాచిపెట్టి, పోట్లాటలో బయటికి తియ్యడం. ఎప్పుడో ఒక మంచి రాత్రి వాడు చెప్పాడు, "నాన్నా, నాకు స్టేజీ ఎక్కాలంటే చేతులు వణుకుతాయి" అని. మూడు నెలల తర్వాత ఏదో విషయంలో ఎదురు చెప్పాడు. అప్పుడు నాన్న అన్నాడు, "నలుగురి ముందు నోరు పెగలదు గానీ నా మీదికి మాత్రం లేస్తుంది." చూశారా? ఆ మాట అన్న నిమిషానికి నాన్న మర్చిపోయి ఉంటాడు. పిల్లాడు మర్చిపోడు. ఇలాంటి మాట పెళ్లయి పిల్లలున్న మనుషులు కూడా గుర్తుపెట్టుకుని చెప్తారు నాకు. దయచేసి, ఎంత కోపమొచ్చినా సరే, మీకు నమ్మి చెప్పుకున్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. తిట్టాలనుకుంటే ఇవాళ చేసినదాన్ని తిట్టండి.

మూడోది, నిజం చెప్పినందుకు శిక్ష. ఇది కొంచెం చిక్కైన విషయం, ఎందుకంటే తప్పు తప్పే. అబ్బాయి వచ్చి, "మొన్న క్లాసు ఎగ్గొట్టాను" అని తనంతట తానే చెప్పాడు. ఏం చెయ్యాలి? ఊరుకుంటే అలుసు అయిపోతామా? ఊరుకోమనడం లేదు. రెంటినీ విడదీయమంటున్నా. చెప్పడం వేరు, చేసినది వేరు. ముందు చెప్పినదానికి ఒక మాట అనండి, "నువ్వే వచ్చి చెప్పావు, అది నాకు చాలా విలువైనది." తర్వాత, కాసేపాగి, వీలైతే మర్నాడు, చేసినదాని గురించి మాట్లాడండి. ఎవరో చెప్తే తెలిసినప్పుడు ఎంత కఠినంగా ఉంటారో, వాడే చెప్పినప్పుడు కూడా అంతే కఠినంగా ఉంటే వాడికి చెప్పడం వల్ల ఒరిగిందేమిటి? వాళ్లు లెక్కలేసుకుంటారండీ. మనం వేసుకోమా?

నాలుగోది మాత్రం మనందరం రోజూ చేసేదే. వాళ్లు సగం చెప్పీ చెప్పకముందే మనం పరిష్కారం చెప్పేస్తాం. "ఇవాళ గ్రూపులో నన్ను కలుపుకోలేదు" అంటుంది. "అయితే ఏమైంది, నువ్వే వెళ్లి అడగొచ్చుగా? అయినా అలాంటివాళ్లతో నీకెందుకు, చదువు చూసుకో." అయిపోయింది. ఇందులో చెడ్డమాట ఏమైనా ఉందా? లేదు. కానీ ఆ పిల్ల సలహా కోసం రాలేదు. ఆ బాధని కాసేపు మీ పక్కన పెట్టుకుని కూర్చోవడానికి వచ్చింది. "అయ్యో, అలా చేశారా?" అని ఆగితే చాలు. నిజంగా ఆగండి. ఆ నిశ్శబ్దం మీకు భరించలేనట్టు ఉంటుంది, అయినా ఆగండి. రెండో వాక్యం వస్తుంది. అసలు సంగతి ఎప్పుడూ రెండోదాంట్లోనో మూడోదాంట్లోనో ఉంటుంది, మొదటి వాక్యంలో ఉండదు. తోచకపోతే ఒక ప్రశ్న ఉంచుకోండి: "నేను ఊరికే విననా, ఏమైనా చెప్పనా?" వాళ్లే చెప్తారు ఏది కావాలో.

పిల్లలూ, మీకు కూడా ఒక మాట. అమ్మా నాన్నలు ఇప్పుడు నేను చెప్పినవన్నీ రేపు పొద్దుటి నుంచే సరిగ్గా చేసెయ్యలేరు. మీ మీద బెంగ వాళ్ల నోటికి ముందు వచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడు తలుపు వేసుకోకుండా, "అమ్మా, ఊరికే విను" అని అనండి. అంత చిన్నమాట అడిగే హక్కు మీకుంది. అమ్మలు ఇప్పుడు విన్నారు కూడా కాబట్టి ఆ మాటకి కోపం తెచ్చుకోరు.

వాళ్లు ఎప్పుడు మాట్లాడతారు? ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు" అంటే మాట్లాడరు. కళ్లలోకి చూస్తూ మాట్లాడాలంటే ఈ వయసులో చాలా కష్టం. పక్కపక్కన ఉన్నప్పుడు మాట్లాడతారు. బండి మీద వెళ్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు, వంటింట్లో మీరు ఏదో పనిలో ఉన్నప్పుడు వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడతారు చూడండి, అప్పుడు. అప్పుడు పని ఆపేసి వాళ్ల వైపు తిరక్కండి. చేతిలో పని చేతిలోనే ఉండనివ్వండి, వాళ్లు జంకకుండా చెప్తారు.

ఇంకొకటి, రాత్రి పదకొండింటికి మాట్లాడతారు. మీకు కళ్లు మూతలు పడుతున్నప్పుడు వాళ్లకి మాటలొస్తాయి. కావాలని చేసేది కాదది. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ శరీరంలో ఆలస్యంగా విడుదలవుతుంది, చిన్నపిల్లల కన్నా గంటన్నర, రెండు గంటలు ఆలస్యంగా. మేరీ కార్స్కాడన్ అనే శాస్త్రవేత్త దీని మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. కానీ కావాల్సిన నిద్ర మాత్రం తగ్గదు. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తున్నారు. నిద్రేమో ఆలస్యంగా వస్తుంది, బడేమో పొద్దున్నే మొదలవుతుంది. మధ్యలో ఆ పిల్ల ఏం చెయ్యగలదు? అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో, టీనేజి పిల్లల బడి పొద్దున 8:30 కన్నా ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో హైస్కూళ్లకి 2022 నుంచి అది చట్టమే అయింది. మన పిల్లల బడివేళలు మన చేతిలో ఉండకపోవచ్చు. కానీ సెలవు రోజు కాస్త ఆలస్యంగా లేచిన పిల్లని "సోమరి" అనకుండా ఉండడం మన చేతిలోనే ఉంది. రాత్రిపూట ఫోన్లన్నీ పడకగది బయట పెట్టడం కూడా మన చేతిలోనే ఉంది. అన్నీ అంటే మనవి కూడా. మన ఫోన్ మన దిండు పక్కనుంటే ఆ నియమానికి విలువుండదు.

ఫోన్ అన్నాను కాబట్టి. "వాళ్ల మెసేజీలు చూడొచ్చా?" అని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. పదకొండేళ్ల పిల్లకి కొత్తగా ఫోన్ ఇస్తున్నారంటే, "అప్పుడప్పుడు నేను చూస్తాను" అని చెప్పి చూడండి, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గించుకుంటూ రండి. దొంగచాటుగా మాత్రం వద్దు. దొంగచాటుగా తెలిసినదాని గురించి మీరు పిల్లతో మాట్లాడలేరు, మాట్లాడితే ఎలా తెలిసిందో చెప్పాలి. చెప్పారా, ఆ పిల్ల ఇంకో దారి వెతుక్కుంటుంది. ప్రాణభయం ఉందని గట్టిగా అనిపించిన రోజు సంగతి వేరు, ఆ రోజు చూడండి, చూశానని చెప్పండి.

కట్టుబాట్ల గురించి చెప్తానన్నాను. 1960లలో డయానా బౌమ్రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెంపకాల్ని పరిశీలించి, ప్రేమా ఉండి, గట్టి కట్టుబాట్లూ ఉండి, వాటికి కారణాలు చెప్పే ఇళ్లలో పిల్లలు బాగా ఎదుగుతున్నారని గమనించారు. ప్రేమ లేని కట్టడి పనికి రాలేదు, కట్టడి లేని ప్రేమా సరిపోలేదు. అయితే ఏ విషయంలో కట్టడి? జూడిత్ స్మెటానా అనే పరిశోధకురాలు పిల్లల్నే అడుగుతూ వచ్చారు, "ఏ విషయంలో అమ్మా నాన్నలకి చెప్పే హక్కు ఉంది?" అని. భద్రత విషయంలో, ఇతరులకి హాని చేసే విషయంలో టీనేజి పిల్లలు కూడా ఆ హక్కు ఒప్పుకుంటారు. నచ్చిన బట్టలు, జుట్టు, తన గది, తన స్నేహాలు, ఇవి తమ సొంతం అంటారు. చిక్కంతా ఎక్కడంటే, వాళ్లు సొంతం అనుకున్నవాటిని మనం మన కిందికి వస్తాయనుకుంటాం. గది చిందరవందరగా ఉండడం మనకి ఇంటి విషయం, వాళ్లకి సొంత విషయం. నన్నడిగితే జుట్టు దగ్గరా గది దగ్గరా ఓడిపోండి. హెల్మెట్ దగ్గర, మందు దగ్గర, ఇంటికి ఎన్నింటికి రావాలన్న దగ్గర గట్టిగా నిలబడండి. రోజూ ఇరవై విషయాల్లో "వద్దు" అనే ఇంట్లో, నిజంగా వద్దనాల్సిన ఆ ఒక్కటి కూడా వాళ్ల చెవికెక్కదు.

ఇప్పటిదాకా చెప్పింది మామూలు మౌనం గురించి. మామూలు కాని మౌనం ఒకటుంది, అది చెప్పకుండా ఆపలేను. పిల్ల మనతో మాట్లాడకపోయినా స్నేహితులతో నవ్వుతోందంటే, ఇష్టమైన ఆట ఆడుతోందంటే, నాకంత భయం లేదు. స్నేహితులకి కూడా దూరమై, ఇష్టమైనవన్నీ వదిలేసి, తిండీ నిద్రా మారిపోయి, రెండు వారాలు దాటినా అలాగే ఉంటే అది వయసు కాదు. "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలన్నా, ఒంటి మీద గాయాలు దాచుకుంటున్నా, ఎంతో ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా ఒక్కరోజు కూడా ఆగకండి. 10 నుంచి 19 ఏళ్ల మధ్యవాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కాబట్టి "మా ఇంట్లో ఇలాంటివి ఉండవు" అని ఎవరమూ అనలేం.

అప్పుడు ఏం చెయ్యాలి? అడగాలి. ఈ ఒక్కచోట మాత్రం సూటిగా అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగాలి. చాలామంది భయపడతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. పుట్టదు. పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం ఇది. ఇంట్లో ఒకరు ఆ మాట పైకి అనగలిగారని తెలిస్తే ఆ పిల్లకి ఊపిరి అందుతుంది. "అవును" అంటే అరవకండి, ఏడవకండి, "నీకేం తక్కువ చేశాం" అనకండి. "చెప్పావు, మంచిపని చేశావు, నేను నీతోనే ఉంటాను" అనండి. ఆ రోజు ఒంటరిగా వదలకండి. మందులు, పురుగుమందు, పదునైనవి అందకుండా తీసేయండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరమొస్తే తీసుకెళ్లమా?

నేను చెప్పాలనుకున్నవి అయ్యాయి. ఇక ప్రశ్నలు. మీ కుర్చీల మీద చిన్న కాగితాలు పెట్టించాను, వాటి మీద రాయండి, పేరు రాయక్కర్లేదు. ముందు పిల్లల కాగితాలు తీసుకుంటాను, తర్వాత పెద్దవాళ్లవి. తల్లిదండ్రులకి ఒకటే విన్నపం, పక్కన కూర్చున్న మీ పిల్ల ఏం రాస్తోందో చూడకండి. రాసినవాళ్లు మడతపెట్టి ఈ చివరికి పంపండి.